సత్తు మూత

మా వ్యానుకి స్టీరింగు కుడివైపు.
జపానులో ఎవరో వాడి వదిలేస్తే ఓడెక్కి జార్జియా వచ్చింది.
ఇక్కడ బండ్లు నడిచేదీ కుడివైపే,
అందుకని సగం మలుపుల్లో
లోయ మల్ఖాజ్ కిటికీ కింద ఉంటుంది,
ఎదురొచ్చే బండి ఎప్పుడూ నా కిటికీలో.

పధ్నాలుగేళ్లుగా మా కాపురం ఇంతే.
అతను నడుపుతాడు, నేను చూస్తాను.
రా... రా... ఇంకొంచెం... ఆగు, లారీ!

అబానో కనుమ ఎక్కుతున్నాం.
దారి పక్క రాళ్లకు, జారిపోయినవాళ్ల ఫొటోలు.
ఒక్కో ఫొటో ముందు ఒక్కో చిట్టి గ్లాసు,
ఎవరో పోసి వెళ్లిన సారా, అందులో ఒక ఈగ.
బచానా పైకే లెక్కపెడుతున్నాడు.
తొమ్మిది దగ్గర తెక్లే వాడి నోరు మూసింది.

ఆ చేతి కిందనుంచే వాడు ఒప్పుకున్నాడు
తన సంచిలో పంది సాసేజి ఉందని.
తుషేతి కొండలకు పంది మాంసం పడదని
డీజిలు పోసినాయన మరీ మరీ చెప్పాడు.
నమ్ముతామా అంటే నమ్మం.
బండి మాత్రం ఆపాం.
నలుగురం ఆ చలిగాలిలో నిలబడి
రొట్టె కూడా లేకుండా అరకిలో తినేశాం.
కడుపులో ఉన్నది లెక్కలోకి రాదని
తెక్లే తీర్పు.

ఇంకా పైన, మబ్బు రోడ్డు మీదే చతికిలబడింది.
నేను దిగి, వీపుకి తెల్ల తువ్వాలు
పిన్నులతో తగిలించుకుని ముందు నడిచాను.
నా సంసారమంతా మొదటి గేరులో
మూలుగుతూ నా వెనకే వచ్చింది.
ఒక్కసారి కూడా వెనక్కి తిరగలేదు.
తిరిగితే అతను నా మొహం చదువుతాడు.
చదవాల్సింది తువ్వాలు.

ఆ రాత్రి ఏటి ఒడ్డున గుడారం.
గొర్రెల కాపరి ఇచ్చిన జున్ను, తోలు వాసన, ఉప్పు.
అతని కుక్కలు మా చుట్టూ పడుకున్నాయి,
మమ్మల్ని కూడా మందలో కలిపేసుకున్నట్టు.

తెల్లారి కాలినడక.
మూడో గంటలో దారి సన్నబడి గట్టయింది.
రెండడుగుల వెడల్పు.
ఒకపక్క కొండ, ఇంకోపక్క ఏమీ లేదు.
ఏమీ లేకపోవడం అంత లోతుంటుందని
నాకూ అప్పుడే తెలిసింది.

మల్ఖాజ్ కూర్చుండిపోయాడు.
నిన్న రెండు టన్నుల ఇనుముని
అంచు మీద నడిపినవాడు
తన ఎనభై కిలోల్ని నడపలేక.
"చేతుల్లో ఏమీ లేదు, నెస్తాన్," అన్నాడు.
అరచేతులు తిప్పి చూపించాడు కూడా,
నేను నమ్మనేమోనని.

తెక్లే మొహం తిప్పుకుంది.
పదమూడేళ్లు. నాన్న చిన్నబోతే
ఎటు చూడాలో ఇంకా నేర్చుకోలేదు.
నేను ధైర్యం చెప్పబోయాను,
నోట్లోకి వచ్చినవి అవే పాత మాటలు:
రా... రా... ఇంకొంచెం.

బచానా సంచి విప్పాడు.
చెంచాలు, తడి సాక్సులు, దీపం, అన్నీ రాళ్ల మీద పెట్టి
అడుగునుంచి సత్తుగిన్నె మూత తీశాడు,
నిన్నటి మసి ఇంకా వదల్లేదు.
నాన్న రెండు చేతుల్లో పెట్టాడు.
వెనక్కి వెళ్లి బెల్టు పట్టుకున్నాడు.
"గేర్లు నేను వేస్తాను."

మల్ఖాజ్ మూతని చాలాసేపు చూశాడు.
తర్వాత లేచాడు.

తెక్లే ఏమీ అనకుండా
నా సంచిలోంచి తువ్వాలు లాక్కుని
తన వీపుకి తగిలించుకుని ముందుకెళ్లింది.
దాని వెనక అతను, మూతని
కొంచెం ఎడమకి, కొంచెం కుడికి తిప్పుతూ,
వాడి వెధవ ఇంజను చప్పుడు కొండకి తగిలి తిరిగొస్తూ.

చివర్న నేను.
చెప్పడానికి మలుపు లేదు, లారీ లేదు.
ఎదురుగా ఇంత మంచుకొండ ఉందని
అప్పుడు చూశాను.
ఎంతసేపట్నుంచి ఉందో.

సాయంత్రం అదే మూత కింద చిక్కుడుగింజలు ఉడికాయి.
మసిలో పది వేళ్ల జాగాలు తెల్లగా.
మల్ఖాజ్ ముక్కు మీద కూడా మసి,
ఎవరూ చెప్పలేదు.
రేపు అదే దారిన వెనక్కి.
రివర్సు గేరు తనకి వచ్చంటున్నాడు బచానా.
వద్దురా అయ్యా, అంది వాళ్లక్క,
తువ్వాలు మడిచి తల కింద పెట్టుకుంటూ.